డిసెంబరులో కరివేపాకు ఆకు రాలిస్తే నీళ్లు పోయకండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటున్నాం. తెనాలి దగ్గర అమ్మావాళ్ల పెరట్లో కరివేపాకు చెట్టు, బావి గట్టున గోంగూర మడి ఉండేవి. ఇక్కడ మూడేళ్లుగా కుండీలో కరివేపాకు పెంచుతున్నాను. ఏటా డిసెంబరుకల్లా ఆకంతా రాలిపోతోంది. నీళ్లు ఎక్కువ పోసినా, అమ్మ చెప్పినట్టు పుల్లమజ్జిగ పోసినా లాభం లేదు. గోంగూర గింజలు ఏప్రిల్‌లో చల్లితే సగం మొలవలేదు, మొలిచినవి ఒంటి కాడగా పొడుగు సాగాయి. దొరికిన ఆకుతో నిలవ పచ్చడి పెట్టాను. నల్లబడింది, జిగురొచ్చింది, చేదు కూడా తగిలింది. మూడు వారాలకు బూజు పట్టింది. అసలు అమ్మ పచ్చడి రుచే రాలేదు. ఎక్కడ తప్పుతున్నాను?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మజ్జిగ ఆపండి. నీళ్లు కూడా తగ్గించండి. మీ కరివేపాకుకు జబ్బేమీ లేదు, అది నిద్రపోతోంది. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే మీ లెక్కలో 50 ఫారన్‌హీట్‌కు దిగేసరికి కరివేపాకు ఎదుగుదల ఆగిపోతుంది. ఇంట్లోకి తెచ్చినా కిటికీ పక్కన మట్టి చల్లగానే ఉంటుంది, పగలు తొమ్మిది గంటలే, వెలుతురూ అంతంతమాత్రం. పోషించలేని ఆకును మొక్క వదిలేస్తుంది. ఆకు లేని మొక్క నీళ్లు తాగదు. సరిగ్గా అప్పుడే మనం కంగారుపడి చెంబులకు చెంబులు పోస్తాం. చల్లటి తడిమట్టిలో వేరు కుళ్లుతుంది. చలికాలంలో కుండీ కరివేపాకు చచ్చిపోయిందంటే చలికన్నా ఎక్కువసార్లు నీళ్లే కారణం.

బతికుందా లేదా అన్న అనుమానం వస్తే గోరుతో కాండం మీద చిన్నగా గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కొస ఎండి గోధుమరంగుకు మారినా, కింద పచ్చదనం ఉన్నంతవరకు ఆశ ఉన్నట్టే. మార్చిలో ఎండిన మేర కత్తిరిస్తే సరిపోతుంది.

అమ్మ పోసే మజ్జిగ అక్కడెందుకు పనిచేసిందో కూడా చెప్పాలి. పెరట్లో వేరు నేలలోకి దిగి ఉంటుంది, ఎండ దండిగా ఉంటుంది. మజ్జిగలోని పులుపునూ పాలవిరుగునూ మట్టిలోని సూక్ష్మజీవులు రెండ్రోజుల్లో అరిగించేస్తాయి. మూసిన గదిలో, పది అంగుళాల కుండీలో అదే మజ్జిగ కుళ్లి వాసనేస్తుంది, చిట్టి నల్ల ఈగలు ముసురుతాయి. ఉప్పేసిన మజ్జిగైతే మరీ చేటు. అంతగా పోయాలనిపిస్తే జూన్, జూలైల్లో మొక్క బయట ఎండలో ఉన్నప్పుడు ఉప్పులేని మజ్జిగ ఒక గ్లాసు పది గ్లాసుల నీళ్లలో కలిపి నెలకోసారి పోయండి. నష్టం లేదు. దాన్నే ఎరువనుకుని అసలు ఎరువు మానేస్తే మాత్రం మొక్క పస్తుంటుంది.

ఈ ఏడు ఇలా చేసి చూడండి. సెప్టెంబరు ఆఖరుకు రాత్రులు 50 ఫారన్‌హీట్ దగ్గరికి వస్తాయి. దానికి ఒక వారం ముందే కుండీని ఎండలోంచి నీడకు జరపండి. ఆకుల అడుగున, కాడల మొదట్లో వెతకండి. గోధుమరంగు చిన్న చిప్పల్లా అంటుకున్నవి పొలుసు పురుగులు, దూదిపింజల్లా కనిపించేవి పిండినల్లి. పొలుసును గోరుతోనో పాత టూత్‌బ్రష్‌తోనో గీకేయండి. తర్వాత నీళ్ల పైపుతో ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టి, తోటసామాను అమ్మే చోట దొరికే పురుగుల సబ్బు ద్రావణం పిచికారీ చేయండి. వారం ఆగి ఇంకోసారి. ఈ పని ఎగ్గొడితే హీటరు వేసిన పొడిగాలిలో పురుగుకు పండగే, ఎర్రనల్లి కూడా తోడవుతుంది. ఆకుమీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఎర్రనల్లే.

లోపల దక్షిణపు కిటికీ దగ్గర పెట్టండి, హీటరు గాలి నేరుగా తగలకూడదు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దింపి చూడండి. పొడిగా తగిలితేనే, కుండీ అడుగునుంచి చుక్కలు కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. ఇది పది రోజులకోసారి కావచ్చు, మూడు వారాలకోసారి కావచ్చు. వారానికింత అని లెక్క పెట్టుకోవద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎరువు వద్దే వద్దు.

మార్చిలో కణుపుల దగ్గర చిగురు తొంగిచూడగానే మొక్క ఎత్తులో మూడోవంతు కత్తిరించండి. చెయ్యి రాదు, తెలుసు. కానీ కోసిన చోట కిందనుంచి రెండు మూడు కొమ్మలు వస్తాయి. కోయకపోతే ఒంటి కర్రకు చివర గొడుగులా ఆకు మిగులుతుంది. కుండీ మార్చాల్సి వస్తే ఇప్పుడున్నదానికన్నా రెండు అంగుళాలు వెడల్పున్నది చాలు. ఒకేసారి పెద్ద తొట్టిలోకి మారిస్తే వేరు చేరని మట్టంతా తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. రెండు పాళ్లు కుండీ మట్టి, ఒక పాలు కంపోస్టు, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్లరాతి పలుకులు) కలిపితే నీళ్లు నిలవవు. మే రెండోవారంలో బయట పెట్టండి. అదీ మొదటిరోజు గంట ఎండ, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పదిరోజులకు పూర్తి ఎండ. నేరుగా ఎండలో పెడితే ఇంట్లో పుట్టిన లేత ఆకు తెల్లగా మాడిపోతుంది.

వేసవిలో ఆకు పసుపుబారితే ఏ ఆకో చూడండి. కింది ముదురాకు మొత్తం పసుపయితే నత్రజని చాలడం లేదు, ఎరువు పెంచండి. పై లేతాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువైతే మట్టిలో ఉన్న ఇనుము కూడా వేరుకు దక్కదు. చీలేటెడ్ ఐరన్ అని, వేరు సులువుగా పీల్చుకునే రూపంలో అమ్మే ఇనుము ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో పోయండి, వీలైతే వాననీళ్లు పట్టుకోండి. కోసేటప్పుడు రెబ్బనుంచి ఒక్కో ఆకూ దూయకండి. దూసిన చోట మళ్లీ ఆకు రాదు. రెబ్బ మొత్తం కాడ మొదటికి తుంచండి, లేదా కొస చిగురుతో సహా తీయండి.

ఇంకో మాట, ఊరికెళ్లినప్పుడు కరివేపాకు మొక్కనో తాజా రెబ్బలనో పెట్టెలో పెట్టుకుని తేవద్దు. నిమ్మజాతి చెట్లను ఎండిపోయేలా చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ పురుగు 1998లో, తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాయి. అందుకే విమానాశ్రయంలో తాజా కరివేపాకు కనిపిస్తే లాక్కుంటారు. అమెరికాలోనే నిమ్మజాతి పండే రాష్ట్రాల మధ్య మొక్కలు పంపడానికి కూడా ఆంక్షలున్నాయి. మీ రాష్ట్రానికి పంపే అనుమతి ఉన్న నర్సరీలోనే కొనండి.

ఇక గోంగూర. దీనికి మీ ఊరి వేసవి నిజానికి మన ఊరికన్నా అనుకూలం, సరైన వేళకు వేస్తే. గోంగూర పగలు పొట్టిదైనప్పుడు పూతకొచ్చే మొక్క. తెనాలిలో జూన్‌లో కూడా పగలు 13 గంటల చిల్లరే. మీ దగ్గర 15 గంటలు. కాబట్టి ఆగస్టు దాకా పూత మాటెత్తకుండా ఆకే వేస్తుంది. సెప్టెంబరులో పగలు తగ్గాక మొగ్గ తొడుగుతుంది, అక్టోబరులో తొలి మంచుకు నల్లబడి పోతుంది. మీ చేతికొచ్చేది నాలుగు నెలలు. దాన్నే గట్టిగా వాడుకోవాలి.

ఏప్రిల్‌లో చల్లినవి మొలవకపోవడం గింజ తప్పు కాదు. మట్టి 20 డిగ్రీలు, అంటే సుమారు 70 ఫారన్‌హీట్ దాటకపోతే గోంగూర గింజ చల్లటి తడిలో కుళ్లిపోతుంది. మే నెలాఖరు దాకా ఆగండి. తొందరుంటే మే మొదట్లో ఇంట్లో చిన్న కప్పుల్లో వేసుకోండి. గింజలు రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి అర అంగుళం లోతున నాటితే వెచ్చటి మట్టిలో వారం లోపే మొలుస్తాయి. మొక్కకు మొక్కకు అడుగు దూరం ఉండాలి. కుండీలోనైతే ఐదు గ్యాలన్ల దానికి రెండు మొక్కలు, మూడోది వద్దు.

ఒంటి కాడగా సాగడానికి రెండు కారణాలు: నీడ, తుంచకపోవడం. రోజుకు ఆరు గంటల ఎండ తగ్గితే కాడ వెలుతురు కోసం సాగుతుంది. మొక్క మోకాలెత్తు వచ్చాక తలకొన నాలుగు అంగుళాలు తుంచేయండి. పక్కకొమ్మలు అడుగు పెరిగాక వాటి కొసలూ తుంచండి. ఆ తుంచిందే మీ మొదటి పప్పు. రెండు వారాలకోసారి ఇలా చేస్తే నాలుగు మొక్కలు చిన్న కుటుంబానికి కూరకు సరిపోతాయి. నిలవ పచ్చడి కూడా కావాలంటే పది పన్నెండు ఉండాలి.

జూలైలో ఆకుపచ్చ తలా రాగిరంగు రెక్కలూ ఉన్న పురుగులు ఆకును జల్లెడ చేస్తే అవి జపనీస్ బీటిల్స్. అమెరికాలో అవి మొదట కనబడింది 1916లో, మీ న్యూజెర్సీలోనే. పొద్దున్నే చురుకు తక్కువగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల డబ్బాలోకి దులపండి. వాటికోసం అమ్మే వాసన ఉచ్చులు మాత్రం పెట్టకండి, పక్కింటి పురుగులను కూడా మీ మడికే పిలుస్తాయి.

విత్తనం కొనేటప్పుడు పేరు చూసుకోండి. అక్కడి దుకాణాల్లో సారెల్ అని రాసింది చుక్కకూర కావచ్చు, గోంగూర కావచ్చు, వాళ్ల దేశవాళీ పుల్లకూర కావచ్చు. రోజెల్ అంటే గోంగూర జాతే. అయితే ఎర్రటి పుష్పకోశాల కోసం ఎంపిక చేసిన రకాల్లో తొందరగా పూతకొచ్చేవి ఉంటాయి, ఆకు కోసం అవి తీసుకోకండి. ఊరినుంచి గింజలు పొట్లం కట్టి తేవడం కూడా కుదరదు, దానికీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు.

పచ్చడి సంగతికొద్దాం. మీరు చెప్పిన నాలుగు లోపాలకూ నాలుగు వేరువేరు కారణాలున్నాయి.

నల్లబడటం ఇనుప మూకుడు వల్ల. గోంగూర పులుపు ఇనుముతో కలిసి ఆకును సిరాలా మారుస్తుంది, నోట్లో లోహపు రుచి కూడా వస్తుంది. అల్యూమినియం కూడా పనికిరాదు. వెడల్పాటి స్టీలు బాణలిగానీ ఎనామెల్ పూసిన గిన్నెగానీ వాడండి. అయితే పచ్చటి ఆకు వేగేసరికి ముదురు ఖాకీ రంగుకు తిరగడం సహజం. ఆ రంగు చూసి భయపడొద్దు. జిగురు మూత పెట్టడం వల్ల. గోంగూర బెండ, మందారాల కుటుంబం, జిగురు దాని ఒంట్లోనే ఉంది. మూతపెట్టి దాని నీళ్లలోనే ఉడకనిస్తే ఆ జిగురంతా బయటికొస్తుంది. చేదు మాడిన మెంతులది. బూజు తడిది.

కొలతలు తూకంలో ఇస్తున్నాను, చెంచాల్లో కాదు. కారణం ఉప్పు. మెత్తటి టేబుల్ సాల్ట్ చెంచా ఆరు గ్రాములు తూగితే, అక్కడి వంటల్లో వాడే రవ్వలాంటి కోషర్ ఉప్పు అదే చెంచాకు మూడు గ్రాములే ఉండొచ్చు. అమ్మ చెప్పిన చెంచా లెక్క అక్కడే తప్పుతుంది. ఉప్పు సగమైతే పచ్చడి నిలవదు.

కాడలు తీసిన ఆకు 500 గ్రాములు, ఉప్పు 60, కారం 60, గింజా పీచూ తీసిన చింతపండు 40, మెంతులు 10, ఆవాలు 10 గ్రాములు, నువ్వుల నూనె 200 మిల్లీలీటర్లు.

ఆకు మూడు నీళ్లలో కడిగి నూలు గుడ్డమీద పలచగా పరిచి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి. పొద్దుటికి ఆకు వడిలి మెత్తగా ఉండాలి, పిడికిట్లో నలిపితే అరచేతికి తడి అంటకూడదు. గలగలలాడేలా ఎండబెట్టేయకండి, పొడిపొడిగా పీచులా తేలుతుంది. సగం నూనె కాగాక ఆకు రెండు విడతలుగా వేయండి. మంట మధ్యస్థం కన్నా కాస్త పైనే, మూత లేదు, గరిటె ఆపొద్దు. రెండు నిమిషాల్లో ఆకు కుప్పకూలుతుంది. అది అయిపోయినట్టు కాదు. ఆవిరి రావడం ఆగి, ముద్ద బాణలిని వదిలి, అంచుల్లో నూనె తేలేదాకా వేపాలి. ఒక్కో విడతకు 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. బూజు పట్టిన పచ్చళ్లు చాలావరకు ఐదో నిమిషంలో దించేసినవే. దించగానే చింతపండు విడదీసి ఆ వేడి ముద్ద మధ్యలో కూరండి. నీళ్లు తగలకుండానే మెత్తబడుతుంది.

మెంతులు నూనె లేకుండా సన్నసెగమీద మూడు నాలుగు నిమిషాలు. పసుపు గింజ ఎర్రబడి కమ్మటి వాసన వచ్చిందంటే వెంటనే పళ్లెంలో పోయండి, ఎందుకంటే కట్టేసిన మూకుడు కూడా వాటిని ఇంకా వేయిస్తూనే ఉంటుంది. గోధుమరంగు ముదిరితే చేదు ఖాయం. అలాంటివి పారేసి మళ్లీ వేయించుకోవడం చవక. ఆవాలు ఊరికే వేడెక్కితే చాలు. రెండూ కలిపి పొడి కొట్టండి. ఉప్పు కూడా ఒకసారి పొడి మూకుడులో వేడిచేస్తే చెమ్మ పోతుంది.

అన్నీ పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడిమీద కలిపి మూతపెడితే ఆవిరి నీళ్లై పచ్చడిలోకే దిగుతుంది. మిక్సీలో వేసి రెండు సెకన్లు తిప్పి ఆపండి, అలా నాలుగైదుసార్లు. రోలు ఆకును నలుపుతుంది, మిక్సీ బ్లేడు కోస్తుంది. ఆపకుండా తిప్పితే పచ్చడి పేస్టయి మళ్లీ జిగురు కనిపిస్తుంది. మిగతా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి, గోరువెచ్చగా అయ్యాక పోయండి. సెనగపప్పు, మినపప్పు నిలవ పచ్చడి పోపులో వద్దు, నెలకల్లా నానిపోయి రబ్బరు ముక్కలవుతాయి.

గాజుసీసా కడిగి, 225 ఫారన్‌హీట్ ఓవెన్‌లో పావుగంట ఉంచి చల్లార్చండి. పచ్చడి గాలి బుడగలు లేకుండా అదిమి, పైన నూనె అర అంగుళం నిలవాలి. చాలకపోతే కాచి చల్లార్చిన నూనె పోయండి. మూడోరోజు తిరగేసి కలిపి ఉప్పు చూసుకుని, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టేయండి. వెల్లుల్లి సీసాలో వేయకండి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి బయట ఉంటే ప్రాణాంతకమైన విషక్రిమికి చోటిస్తుంది. వడ్డించేముందు కావలసినంత పచ్చడి తీసుకుని, దంచిన వెల్లుల్లితో అప్పటికప్పుడు పోపు పెట్టుకుంటే వాసన కూడా బాగుంటుంది. ఎప్పుడైనా బూజు కనిపిస్తే పైపొర తీసేసి కిందది వాడొద్దు. కంటికి కనబడని పోగులు లోపలికి దిగే ఉంటాయి.

రుచి రాలేదన్నారు. ముందు నూనె సీసా చూడండి. చైనా, కొరియా సరుకుల దగ్గర దొరికే ముదురు గోధుమరంగు నువ్వుల నూనె, నువ్వులు మాడ వేయించి తీసింది. అది పోస్తే గోంగూర వాసన ఛాయలకు కూడా రాదు. మనది పచ్చి నువ్వులు గానుగాడిన లేత పసుపు నూనె. చింతపండు కూడా అంతే. తీపి రకం థాయ్ చింతపండు పొరపాటున వస్తే పచ్చడి చప్పగా తియ్యగా తేలుతుంది, ఒక రేక నోట్లో వేసుకుని చూశాకే కొలవండి. ఆకూ నమిలి చూడండి. ఎర్రకాడ గోంగూరకు పులుపెక్కువ, తెల్లకాడదానికి తక్కువ. తెల్లదైతే చింతపండు 50 గ్రాములకు పెంచండి. మిరపకాయ గుంటూరు సన్నాలే అయితే 60 గ్రాముల కారం సరిపోతుంది. రంగుకోసం అమ్మే కాశ్మీరీ కారంతో చేస్తే ఎర్రగా ఉంటుంది, ఘాటుండదు.

అక్టోబరులో మంచు పడబోతోందనగా మిగిలిన ఆకంతా ఒక్కరోజే కోయాల్సి వస్తుంది. గోంగూర పచ్చి ఆకు ఫ్రీజర్‌లో పెడితే కరిగాక చీమిడిలా అవుతుంది. చెంచా నూనెలో తడి ఇగిరేదాకా వేపి, పప్పుకు సరిపడా చిన్న ముద్దలుగా పెట్టుకోండి. ఆరు నెలలకు పైగా బాగుంటాయి. కరివేపాకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. కడిగి, తడి ఆరిపోయాక రెబ్బలుగానే సంచిలో గాలి తీసి ఫ్రీజర్‌లో పెట్టండి. వాడేటప్పుడు మాత్రం బయటపెట్టి కరగనివ్వొద్దు, నిమిషంలో నల్లబడుతుంది. ఫ్రీజర్‌లోంచి నేరుగా కాగిన పోపులోకి వేసేయాలి. చిటపటలు గట్టిగానే ఉంటాయి, మూత చేతిలో పట్టుకునే వేయండి.